నాలుగో గొట్టం

మంగళవారం, తొమ్మిదింబావు.
కిటికీ అవతల హార్జ్ కొండల మీద
సగం కరిగిన మంచు, సగం కురవబోయేది.
వాల్ట్రౌట్ గారి నోట్లో దూది పెట్టి
"నమలండి, మింగకండి" అన్నాను.
"మింగడమొక్కటే నాకు బాగా వచ్చు" అంది
దూది బుగ్గన పెట్టుకుని.
మొదటి గొట్టం.

ఫైల్లో ఉన్నది: యాభై ఎనిమిదేళ్ళు.
తపాలా కేంద్రంలో ఉత్తరాలు వేరుచేసే పని.
పదకొండేళ్ళుగా కడుపునొప్పి.
కెమెరా మూడుసార్లు లోపలికి వెళ్ళొచ్చింది,
మూడుసార్లూ ఏమీ లేదంది.
ఆ "ఏమీ లేదు"నే మందుచీటీలా చేతికిచ్చి పంపారు
గోస్లార్‌లో ఒకరు, హానోవర్‌లో ఇద్దరు.

ఫైల్లో లేనిది, చేతికి పట్టీ చుడుతుంటే చెప్పింది:
అక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళే కేకు తేవాలి.
చెర్రీ కేకు చేసుకెళ్ళింది,
పన్నెండు కాగితపు పళ్ళేలతో సహా.
అంతకు ముందు వారం, మిగతావాళ్ళు పెట్టని సంతకం
తను పెట్టింది. అంతే.
ఎవరూ తిట్టలేదు.
తిడితే బాగుండేది, తిట్టులో కనీసం మన పేరుంటుంది.
కేకు కోత పడకుండానే సాయంత్రమైంది.
బస్సులో ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే
ఎదుటి సీటు పిల్లాడు అడిగాడట, ఎవరి పుట్టినరోజని.

అన్నీ కడుపులో పెట్టుకుందామె.
పెట్టుకోమని అందరూ చెప్పే చోటే పెట్టుకుంది.
కడుపుకి మాత్రం మరుపు లేదు.
తెల్లవారుజామున నాలుగింటికి లేపి
ఒక్కొక్కటే అప్పజెబుతుంది.

ఇక ఆట.
తెర మీద మూడు బొమ్మలు, ఒకటి ఆమె.
మిగతా రెండూ ఆమెకు రెండుసార్లు బంతి వేసి
తర్వాత వాటిలో అవే విసురుకుంటాయి.
అవతల మనుషులు లేరు, లెక్కలే.
ముందే చెప్తాం ఆ మాట.
చెప్పినా సరే, ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా
లోపలెక్కడో చివుక్కుమంటుంది,
అరచేతులు చెమరుస్తాయి, నాడి మెట్లెక్కుతుంది.
ఆ మెట్లు నేను చాలాసార్లు చూశాను.

ఆమె గీత లేవలేదు.
ఆరు నిమిషాలు బంతి ముఖం ముందు నుంచే పోతుంటే
చేతులు ఒళ్ళో, చూపు తెర మీద.
రెండో గొట్టం. మూడో గొట్టం.
"స్పందన లేదు" అన్నాడు డాక్టర్ ఫోల్క్‌మార్.
నాకలా అనిపించలేదు.
రోజంతా గంట మోగే ఇంట్లో
తలుపు తీయడానికెవరు లేస్తారు?

ఎవరినీ నొప్పితో పంపకూడదని
చివర్లో ఇంకో ఆట పెడతాం.
అందులో బంతి అందరికీ వస్తుంది.
మొదటిది ఆమెకే వచ్చింది.
తిరిగి ఎవరికి వేయాలో నొక్కాలి.
వేలు గాల్లోనే ఆగింది.
"నాకేనా?"

అరవై ఎనిమిది నుంచి నూట పన్నెండు.
మెడ మీద ఎర్రటి మచ్చలు, కాలరు దాకా.
ఒక చెయ్యి కడుపు మీదికి పోయింది.
ఆపనా అన్నాను.
"వద్దు, వాళ్ళు నా కోసం చూస్తున్నారు" అంది,
వాళ్ళు లేరని తెలిసీ.
నాలుగో గొట్టం.

రెండు వారాలకి అంకెలొచ్చాయి.
మొదటి మూడూ నేల బారున ఉన్నాయి,
నాలుగోది ఎక్కడో ఉంది.
"నమూనా పాడైంది, తీసేద్దాం" అన్నాడు డాక్టర్.
కారణం రాసే గడి అగ్గిపెట్టెంత.
చిగుళ్ళలో రక్తం అని రాస్తే సరిపోయేది.
రాయలేదు.
వెలికి అలవాటుపడ్డ ఒంటికి
పిలుపే గండమని రాయడానికి
ఆ గడిలో చోటు లేదు.
పెన్ను మూత నమిలాను, మింగలేదు.

మధ్యాహ్నం క్యాంటీన్లో కనిపించింది,
చేతిలో సూప్ గిన్నె,
ఇన్ని ఖాళీ కుర్చీల మధ్య ఖాళీ వెతుక్కుంటూ.
నా పక్క కుర్చీలో నా కోటు కూర్చుని ఉంది.
తీశాను.
చూసింది. మెడ మీద మళ్ళీ అదే ఎరుపు.
గోడ పక్కకి వెళ్ళి, నిలబడే తాగింది.

మర్నాడూ అంతే.
ఆమె ఇక్కడ ఉండేది ఇంకా మూడు వారాలు.
కోటు మేకుకి తగిలించి వస్తున్నాను,
చలేస్తున్నా.